గుట్ట మీద కొత్త ఇళ్లు, గుట్ట కింద పాత దారి: తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో ఏ మేడ ఎక్కి చూసినా ఏదో ఒక గుట్ట కనిపిస్తుంది. పద్మాక్షి గుట్ట, మడికొండ మెట్టుగుట్ట, వరంగల్ వైపు గోవిందరాజుల గుట్ట. పేరున్న గుట్టలు కొన్నే, పేరు లేనివి ఎన్నో. చదును నేల ధర అందనంత పెరిగేసరికి ఇళ్లు మెల్లగా వాలు ఎక్కుతున్నాయి. మా కాలనీ పైభాగంలోనూ చదును చేసే పని మొదలైంది. అప్పటి నుంచి కూరగాయల బండి దగ్గర, గుడి మెట్ల మీద, బడి గేటు ముందు అందరూ ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. బడిలో లెక్కలు చెప్పే మనిషిని కాబట్టి కొన్నింటికి లెక్క కట్టి మరీ జవాబు రాశాను.

మీరు కొత్త ఇళ్లు వద్దంటున్నారా?

లేదు. నేనుంటున్న ఇల్లు కూడా ఒకప్పుడు తంగేడు పొదలున్న వాలే. మా తర్వాత వచ్చేవాళ్లను వద్దనే హక్కు మాకు లేదు. మేము అడుగుతున్నది ఒక్కటే: పైన మొదటి పునాది తవ్వకముందే కింది దారి సంగతి తేల్చాలి. "ముందు ఇళ్లు లేవనీయండి, రోడ్డు తర్వాత చూద్దాం" అనే మాట మాకు సమ్మతం కాదు. అన్నిటికంటే బరువైన బండ్లు తిరిగేది ఇళ్లు లేస్తున్న ఆ ఏడాది, రెండేళ్లలోనే. ఆ కాలంలో దారి పాతది, మలుపులు పాతవి, బడికి నడిచి వెళ్లే పిల్లలు మాత్రం ఇప్పటివాళ్లు.

వాలు రోడ్డుకూ మామూలు రోడ్డుకూ అంత తేడా ఉంటుందా?

ఉంటుంది. ఊరికే చెబితే నమ్మకం కుదరదు కాబట్టి లెక్క చూద్దాం.

గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వస్తున్న బండి ముందుకు ఒక పిల్లవాడు పరుగెత్తుకొచ్చాడు. నడిపే మనిషి చూసి, గ్రహించి, బ్రేకు మీద కాలు వేయడానికి రెండున్నర సెకన్లు పడుతుందని, రోడ్లకు ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క. ఆ రెండున్నర సెకన్లలోనే బండి 28 మీటర్లు వచ్చేస్తుంది. చదును రోడ్డు మీద బ్రేకు పడ్డాక ఇంకో 17 మీటర్లు. మొత్తం 45 మీటర్లు. అదే బండి, అదే వేగం, ఏడడుగులకు ఒక అడుగు దిగే వాలు అయితే బ్రేకు పడ్డాక 26 మీటర్లు జారుతుంది. మొత్తం 54. ఆ వాలు మీద మొరం పరుచుకుని టైరు పట్టు మూడో వంతు తగ్గిందనుకోండి, ఆగేసరికి 85 మీటర్లు. మా వీధిలో మొదటి మలుపు నుంచి బడి గేటు దాకా అంత దూరమే లేదు.

ఇక బ్రేకు పూర్తిగా పోతే? రాపిడిని పక్కన పెట్టి చూస్తే, 20 మీటర్ల ఎత్తు దిగిన బండి కిందికి చేరేసరికి గంటకు 70 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. పైన నిలబడి ఉన్న బండి సంగతే ఇది. ఎవరూ యాక్సిలరేటర్ తొక్కనక్కరలేదు.

చదును నేల మీద డ్రైవరు పొరపాటు చేస్తే చాలాసార్లు బండి దానంతటదే నెమ్మదిస్తుంది. వాలు మీద అదే పొరపాటుకు వేగం తోడవుతుంది.

మా వీధి వాలు ఎంతో మేమే కొలుచుకోవచ్చా?

కొలుచుకోవచ్చు, అరగంట పని. మేస్త్రి దగ్గర రసమట్టం ఉంటుంది. పదడుగుల తిన్నని చెక్క బద్ద ఒకటి, కొలత టేపు ఒకటి తెచ్చుకోండి. బద్ద ఒక కొసను రోడ్డు మీద ఎగువన ఆనించి, రెండో కొసను దిగువ వైపు గాలిలో ఎత్తి పట్టుకోండి. రసమట్టంలో బుడగ నడిమికి వచ్చేదాకా సర్దండి. అప్పుడు దిగువ కొస కింద రోడ్డుకు ఉన్న ఖాళీని కొలవండి.

మేము మలుపు దగ్గర కొలిచాం. బద్ద పట్టుకున్న మేస్త్రి చేయి వణుకుతుంటే బుడగ అటూ ఇటూ జరుగుతోంది. చివరికి నిలిచాక ఖాళీ 17 అంగుళాలు వచ్చింది. పదడుగులంటే 120 అంగుళాలు, అంటే ఏడింటికి ఒకటి. మేస్త్రి టేపు చుట్టేస్తూ "అమ్మా, మేము సెల్లార్ ర్యాంపు కూడా ఇంత నిట్టగా పోయం" అన్నాడు. నిజమే. భవనాల సెల్లార్ ర్యాంపుకు నియమం చెప్పే వాలు ఎనిమిదింటికి ఒకటి. కొండ ప్రాంతపు రోడ్డుకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మామూలుగా కోరే వాలు 20కి ఒకటి, తప్పనిసరై చిన్న దూరానికి ఒప్పుకునేది 14కు ఒకటి. మా మలుపు దానికి రెట్టింపు.

మూడు చోట్ల కొలిచి, ఎక్కడ కొలిచారో ఏ కరెంటు స్తంభం పక్కనో గుర్తు రాసి, ఫొటో తీసి పెట్టుకోండి. "చాలా నిట్టగా ఉందండీ" అనే అర్జీకీ, "17 అంగుళాలు" అని ఫొటోతో సహా ఇచ్చే అర్జీకీ అధికారి దగ్గర దొరికే మర్యాద వేరు.

ఒక్క అపార్ట్‌మెంట్ వస్తే ఏమవుతుంది? పది బండ్లు పెరుగుతాయి, అంతే కదా?

అరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ ఒకటి అనుకుందాం. సెల్లార్ కోసం 1,500 చదరపు మీటర్ల స్థలంలో మూడు మీటర్ల లోతు తవ్వితే 4,500 ఘనపు మీటర్ల మట్టి, రాయి. తవ్విన మట్టి వదులై ఉబ్బుతుంది. నాలుగో వంతు పెరిగిందనుకున్నా 5,600 దాటుతుంది. టిప్పర్‌కు పది ఘనపు మీటర్ల చొప్పున 560 లోడ్లు. ఖాళీగా ఎక్కడం, నిండుగా దిగడం కలిపితే మన గుమ్మం ముందు నుంచి 1,120 సార్లు. ఇరవై రోజుల్లో ముగిస్తే రోజుకు 56 సార్లు.

గుట్ట మీద పనికి ఉన్న ప్రత్యేకత ఇక్కడే ఉంది. తవ్వకం నడిచినన్నాళ్లూ టిప్పర్ నిండుగా ఉండేది దిగేటప్పుడే. ఆ తర్వాత కాంక్రీట్ మొదలవుతుంది. ఆరు ఘనపు మీటర్ల రెడీమిక్స్ లారీలో కాంక్రీట్ బరువే 14 టన్నుల పైమాట, ఇది నిండుగా ఎక్కుతుంది. మధ్యలో ఇంజను ఆగితే వెనక్కి వస్తుంది. వీటికి తోడు ఇనుము లారీలు, ఇసుక ట్రాక్టర్లు, బోరు బండి, నీళ్ల ట్యాంకర్లు.

ఇళ్లలోకి జనం వచ్చాక సంగతి వేరే. ఇంటికి ఒక స్కూటరు, రెండిళ్లకు ఒక కారు చొప్పున వేసుకున్నా 60 స్కూటర్లు, 30 కార్లు. రోజుకు ఒక్కసారి దిగి ఒక్కసారి ఎక్కినా 180 రాకపోకలు. అందులో సగం ఉదయం ఎనిమిదికీ తొమ్మిదిన్నరకూ మధ్యే. సరిగ్గా పిల్లలు రోడ్డు మీద ఉండే వేళ.

స్పీడ్ బ్రేకర్లు వేయిస్తే సరిపోదా?

చాలామందికి ముందుగా తోచేది ఇదే. మాకూ ఇదే తోచింది. ఎవరో దయ తలచి రాత్రికి రాత్రి సిమెంటుతో ఒక గడ్డ పోయించారు. అడుగు వెడల్పు, అరడుగు ఎత్తు. వారం తిరగకుండానే గ్యాస్ సిలిండర్లు తెచ్చే ఆటో దాని మీద ఎగిరి ఒక సిలిండర్ కింద పడింది. అది దొర్లుతూ దిగిన చప్పుడు విన్నవాళ్లు ఇప్పటికీ మరిచిపోలేదు. అదృష్టవశాత్తూ ఎవరికీ తగలలేదు.

నియమం ప్రకారం వేసే హంప్ వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు. దాని గుండ్రనితనం 17 మీటర్ల వ్యాసార్థానికి సరిపోవాలి. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటడానికి దాన్ని అలా రూపొందించారు. 40 మీటర్ల ముందే హెచ్చరిక బోర్డు, హంప్ మీద రాత్రి కనిపించే గీతలు ఉండాలి. అది కూడా వాలు మొదలయ్యే చోట, వేగం పుంజుకోకముందే ఉంటేనే పని చేస్తుంది. నడి వాలులో వేస్తే దిగే బండి ఎగురుతుంది, ఎక్కే లారీ దాని ముందు ఊపు కోల్పోయి వెనక్కి జారుతుంది. వాన నీరు దాని వెనక నిలిచి మొరాన్ని అక్కడే పోగేస్తుంది.

నా అభిప్రాయం అడిగితే హంప్ కంటే ముందు మూడు పనులు జరగాలి. మలుపులో అడ్డంగా ఉన్న గోడ మూలను వెనక్కి జరపడం, మలుపు దగ్గర కుంభాకారపు అద్దం పెట్టించడం, సీసీ రోడ్డు నున్నబడిన చోట అడ్డగీతలు కొట్టి టైరుకు పట్టు తేవడం.

మలుపులో గోడ ఉంటే ఎవరైనా ఏం చేయగలరు? వాళ్ల స్థలం వాళ్లిష్టం కదా?

పూర్తిగా వాళ్లిష్టం కాదు. 2012 నాటి భవన నిర్మాణ నియమాల్లో, అంటే జీవో 168లో, 'స్ప్లే' అని ఒక అంశం ఉంది. రెండు రోడ్లు కలిసే మూల ప్లాటులో ఆ మూలను కోసి రోడ్డుకు వదలాలి. రోడ్డు వెడల్పు 12 మీటర్ల లోపు అయితే మూడు మీటర్లకు మూడు మీటర్లు. 12 నుంచి 24 మీటర్ల మధ్య అయితే నాలుగున్నరకు నాలుగున్నర. ఇటు నుంచి వచ్చేవాడికి అటు నుంచి వచ్చేవాడు కనపడాలనే ఈ నియమం. ప్లానులో ఈ మూల కోసి చూపిస్తారు, కట్టేటప్పుడు కొందరు ప్రహరీని మాత్రం కొస దాకా లాగేస్తారు. ప్లాను కాగితం చేత పట్టుకుని గోడ పక్కన నిలబడితే తేడా కంటికే తెలుస్తుంది.

వానాకాలం గురించి అంతగా ఎందుకు చెబుతున్నారు?

2020 ఆగస్టు, 2023 జూలై వానలు చూసిన ఊరు మనది. 2023లో భద్రకాళి చెరువు కట్టకే గండి పడింది. ఆ రోజుల్లో పల్లపు కాలనీలు మునగడం అందరూ చూశారు. వాలు మీద జరిగింది చూసినవాళ్లు తక్కువ.

గుట్ట మీద చెట్టూ చేమా ఉన్నప్పుడు వాన నీరు సీతాఫలం పొదల మధ్య ఆగి ఆగి దిగేది. జేసీబీతో మెట్లు మెట్లుగా కోసిన తర్వాత ఆ నీటిని ఆపేది ఏదీ లేదు. మోరీ నిండి, రోడ్డే కాలువ అవుతుంది. వాన వెలిశాక ఎర్రమొరం, వేలెడంత కంకర సీసీ రోడ్డు మీద పలచగా పరుచుకుంటాయి. ఎండ కాయగానే అది పొడి గోళీలు చల్లినట్టు ఉంటుంది. వానలో అందరూ జాగ్రత్తగానే నడుపుతారు. వాన వెలిసిన మరుసటి రోజు ఉదయం, రోడ్డు పొడిగా కనిపించినప్పుడే స్కూటర్లు ఎక్కువగా పడతాయి. మా ఎదురింటి పెద్దాయన ఇప్పుడు అలాంటి ఉదయాల్లో చీపురు పట్టుకుని మలుపు ఊడుస్తాడు. డెబ్బై దాటిన మనిషి. ఎవరైనా బండి ఆపి ఎందుకు తాతా అంటే, "నువ్వు పడితే నేను లేపలేను బిడ్డా, అందుకే ఊడుస్తున్నా" అంటాడు.

ఈ పని ఆయనది కాదు. తవ్వేచోటనే అడ్డుకట్ట వేసి, మట్టి ఆగే గుంట తీసి, టిప్పర్ చక్రాలు కడిగి పంపితే రోడ్డు మీదికి మొరం రాదు. టిప్పర్‌పై టార్పాలిన్ కప్పడం కూడా నిర్మాణదారు బాధ్యతే.

దిగేటప్పుడు ఇంజను ఆపి న్యూట్రల్‌లో వెళ్తే పెట్రోలు మిగులుతుంది కదా?

దయచేసి ఈ అలవాటు మానండి. గేరులో ఉన్నప్పుడు ఇంజనే బండిని కొంత పట్టి ఉంచుతుంది. న్యూట్రల్ చేస్తే ఆ పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది. అవి వేడెక్కి పట్టు తప్పుతాయి. కారు ఇంజను ఆపేస్తే ఇంకా ప్రమాదం: ఒకటి రెండు సార్లు తొక్కాక బ్రేకు పెడల్ రాయిలా గట్టిపడుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగండి. నింపిన ట్యాంకర్లు నడిపే పిల్లలకు ఈ మాట ప్రత్యేకంగా చెప్పండి.

ఇంకొకటి, చక్రం వెనక పెట్టే రాయి. లారీ ఎక్కలేక ఆగితే క్లీనరు దిగి పెద్ద రాయి అడ్డం పెడతాడు. బండి కదలగానే రాయి అక్కడే ఉండిపోతుంది. చీకటి పడ్డాక దాన్ని గుద్దుకుని పడినవాళ్లలో మా అన్న కొడుకు ఒకడు. మణికట్టు విరిగింది. తాడు కట్టిన చెక్క దిమ్మె ప్రతి లారీలో ఉండాలని నిర్మాణదారు చేత రాయించుకోండి. తాడు కట్టి ఉంటే దిమ్మె బండితోనే వెళ్లిపోతుంది.

అంబులెన్సు, ఫైరింజను పైదాకా వెళ్లగలవా?

ఎత్తైన భవనాల చుట్టూ ఫైరింజను తిరగడానికి ఆరు మీటర్ల వెడల్పు, తొమ్మిది మీటర్ల మలుపు వ్యాసార్థం, 45 టన్నుల బరువు మోసే నేల ఉండాలని జాతీయ భవన స్మృతి (నేషనల్ బిల్డింగ్ కోడ్) చెబుతుంది. ఆవరణలో ఆరు మీటర్లు చూపించి, అక్కడికి చేరే వీధి మలుపులో రెండు కార్లు నిలిపి ఉంటే ఫైరింజను కిందే ఆగిపోతుంది. కాబట్టి మలుపుకు ఇరువైపులా బండ్లు నిలపకూడదని కాలనీలో మనమే కట్టుబాటు చేసుకోవాలి. ఇది కొత్తవాళ్ల కంటే ముందు పాతవాళ్లం పాటించాల్సిన విషయం. మా వీధిలో మలుపు దగ్గర నిలిపి ఉండే కార్లలో నాలుగింట మూడు మావే.

ఎవరికి చెప్పాలి? ఎప్పుడు చెప్పాలి?

ఎప్పుడు అన్నదే ముఖ్యం. భవన అనుమతుల కోసం 2020లో తెచ్చిన టీఎస్-బీపాస్ చట్టం ప్రకారం 500 చదరపు మీటర్ల లోపు ప్లాటులో పది మీటర్ల లోపు ఎత్తు ఇంటికి యజమాని స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి వస్తుంది. అంతకు మించిన వాటికి 21 రోజుల గడువు. జేసీబీ వచ్చాక మేలుకుంటే ఆ గడువు దాటిపోయి ఉంటుంది. పైన సర్వే రాళ్లు పాతుతున్నారని తెలిసిన రోజే కదలండి.

భవన అనుమతులు, వీధి రోడ్లు, మోరీలు గ్రేటర్ వరంగల్ మున్సిపల్ కార్పొరేషన్ పరిధిలో ఉంటాయి. నగరం దాటిన లేఅవుట్లకు, మాస్టర్ ప్లాన్ రోడ్లకు 'కుడా', అంటే కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ, ఉంది. టిప్పర్ల వేళలు, వేగం, బరువు సంగతి ట్రాఫిక్ పోలీసులది. ప్రతి సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి జరుగుతుంది. మోటారు వాహనాల చట్టం ప్రకారం జిల్లా రోడ్డు భద్రత కమిటీ కూడా ఉంటుంది, దానికి అధ్యక్షుడు కలెక్టరే. ప్రజావాణి అర్జీలో "ఈ విషయాన్ని రోడ్డు భద్రత కమిటీ ముందు పెట్టగలరు" అని ఒక వాక్యం రాయండి. ఆ ఒక్క వాక్యంతో మీ కాగితం వీధి గొడవల జాబితాలోంచి బయటికి వస్తుంది.

మంజూరైన ప్లాను కావాలంటే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

అనుమతి ఇచ్చేశారు, పని సగం అయింది. ఇక చేయగలిగింది ఏమీ లేదా?

ఉంది. కొన్ని చిన్న ఇళ్లు మినహా, భవనంలో పది శాతం నిర్మాణాన్ని అనుమతి ఇచ్చే సంస్థ పేర తనఖా పెట్టాలనేది నియమం. ప్లాను ప్రకారం కట్టారని తేలి, ఇక ఇళ్లలో చేరవచ్చని చెప్పే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే ఆ తనఖా విడుదలవుతుంది. నిర్మాణదారు మన మాట వినాల్సిన చివరి ఘడియ అదే. స్ప్లే వదలలేదనో, సెల్లార్ ర్యాంపు రోడ్డు మీదికి పొడుచుకొచ్చిందనో, వాన నీరు వీధిలోకి వదిలారనో ఆ సర్టిఫికెట్ ఇవ్వకముందే రాతపూర్వకంగా, ఫొటోలతో ఇవ్వండి. తర్వాత ఇచ్చే అర్జీకి బలం ఉండదు.

నిర్మాణదారుతో నేరుగా మాట్లాడితే వింటారా?

చాలామంది వింటారు. నలుగురు ఆడవాళ్లు, ఇద్దరు పెద్దలు మర్యాదగా వెళ్తే కుర్చీ వేసి కూర్చోబెట్టి వింటారు. గొంతు పెంచితే మాత్రం ఆ తలుపు మూసుకుపోతుంది. మేము అడిగి ఒప్పించినవి ఇవి: ఉదయం ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర, సాయంత్రం మూడున్నర నుంచి ఐదు వరకు బరువు బండ్లు కదలవు. మలుపు దగ్గర ఎర్రజెండా, ఈల ఉన్న మనిషి ఒకడు ఎప్పుడూ ఉంటాడు. ఒక లారీ దిగేదాకా ఇంకొకటి ఎక్కదు. సద్దుల బతుకమ్మ నాడు, ఆడవాళ్లంతా పద్మాక్షి గుండం వైపు కదిలే సాయంత్రం, పని పూర్తిగా బందు. ఒప్పందమంతా తెల్లకాగితం మీద రాసి ఇద్దరం సంతకాలు చేశాం. మొదటి రెండు వారాలు గట్టిగా పాటించారు. తర్వాత ఎనిమిదింబావుకు ఒక టిప్పర్ దిగింది. ఆ కాగితం తీసుకుని మళ్లీ వెళ్లాం, మళ్లీ ఆగింది. ఇలా పదేపదే వెళ్లే ఓపిక ఉన్నవాళ్లను ముందే ఇద్దరిని ఎంచుకోండి.

ఈ గొడవ పైకి వస్తే మా ప్లాట్ల ధర పడిపోదా?

ఈ మాట అన్నవాళ్ల మీద నాకు కోపం లేదు. జీవితమంతా కూడబెట్టి కొన్న రెండు వందల గజాలు అవి. కానీ కొనడానికి వచ్చేవాళ్లు ఎక్కేది కూడా ఈ దారినే. మలుపులో వాళ్ల కారు వెనక్కి జారితే మనం దాచింది ఏముంటుంది?

ప్రమాదం జరిగితే ముందు ఏం చేయాలి?

పై మలుపు దగ్గరికి ఒకరిని పంపి, దిగే బండ్లను ఆపించండి. వాలు మీద మొదటి ప్రమాదం కంటే, గుమిగూడిన జనం మీదికి వచ్చే రెండో బండి ఎక్కువ ప్రాణాలు తీయగలదు. వెంటనే 108కి ఫోను చేయండి. దారి గుర్తు చెప్పేటప్పుడు "గుట్ట దగ్గర" అంటే అంబులెన్సు వాళ్లకు అర్థం కాదు, ఎటువైపు నుంచి ఎక్కాలో చెప్పి, కింద కూడలిలో ఒక మనిషిని నిలబెట్టండి. సాయం చేస్తే కేసులో ఇరుక్కుంటామని వెనకాడకండి, మంచి మనసుతో ఆదుకున్నవారికి మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది. 2025 మేలో కేంద్రం నోటిఫై చేసిన పథకం కింద క్షతగాత్రులకు ప్రమాదం నాటి నుంచి ఏడు రోజుల పాటు, లక్షన్నర రూపాయల వరకు నగదు చెల్లించకుండా చికిత్స అందుతుంది. ఆసుపత్రిలో ఆ సంగతి అడగండి.

బండ్లను పక్కకు తీసేముందు టైరు జారిన గుర్తులు, రోడ్డు మీది మొరం, మలుపు గోడ కనిపించేలా ఫొటోలు తీయండి. రోడ్డు రూపకల్పనలో, నిర్వహణలో భద్రతా ప్రమాణాలు పాటించని బాధ్యులకు లక్ష రూపాయల వరకు జరిమానా వేసే 198ఏ సెక్షన్ అదే చట్టంలో ఉంది. తప్పంతా పడిపోయిన స్కూటరు అమ్మాయిదేనని అందరూ తేల్చేసే వేళ, ఆ మొరం ఫొటో ఒక్కటే ఆమె తరఫున మాట్లాడుతుంది.